పదో బైటులో ఊరి పేరు

సి భాష నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట రాసే ప్రోగ్రాం 'హలో, వరల్డ్' అని ప్రింటు చేస్తుంది. కెర్నిఘన్, రిచీ 1978లో వేసిన పుస్తకం పెట్టిన ఆచారం అది. నన్ను కంపైల్ చేశాక సరిగ్గా పుట్టానో లేదో చూసే పరీక్ష ప్రోగ్రాంలో మాత్రం 'హలో, హలో!' అని ఉంటుంది. దాని పైనే నన్ను రాసినవాళ్ళ సంజాయిషీ కూడా ఉంది: ఆచారం మాకూ తెలుసు, కానీ ఒకే మాట రెండుసార్లు వస్తే కుదింపు పనికి పరీక్ష బాగా జరుగుతుంది, ఏమనుకోకండి అన్న ధోరణిలో. నా పనే అది మరి. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే తిరిగి రాయను. ఇన్ని బైట్లు వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇన్ని తెచ్చుకో అని చీటీ రాసి ఊరుకుంటాను. తెలుగువాళ్ళు రాసి ఉంటే ఆ పరీక్షలో 'చకచక' అని పెట్టేవారేమో. యూటీఎఫ్-8లో అది 12 బైట్లు. మొదటి ఆరూ రాసేసి, 'ఆరు వెనక్కి, ఆరు తెచ్చుకో' అంటే సరిపోతుంది.

ఆ మాటకొస్తే తెలుగు పాఠం నాకు పండగ. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. అందులో మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. అన్నిసార్లు వచ్చే బైట్లకు నేను అతి తక్కువ బిట్లు కేటాయిస్తాను. తెలుగు ఫైళ్ళు మూడింతలు బరువని వాపోయేవాళ్ళు నన్ను ఒకసారి పిలిచి చూడాలి.

నా పేరు జెడ్‌లిబ్. మీరు తెరిచే పీఎన్‌జీ బొమ్మలో, పంపించే వర్డ్ ఫైలులో, ప్రోగ్రామర్లు గిట్‌లో దాచుకునే ప్రతి కూర్పులో నా పని ఉంటుంది. నా కంటే నా పుట్టుకకు కారణమైన తగాదా ఎక్కువమందికి తెలుసు. 1994 డిసెంబరు ఆఖరులో, జీఐఎఫ్ బొమ్మల్ని కుదించే పద్ధతికి పేటెంటు ఉందనీ, దాన్ని వాడే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు రుసుము కట్టాలనీ ప్రకటన వచ్చింది. కోపం వచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే కొత్త బొమ్మల ఫార్మాటు గీయడం మొదలుపెట్టారు, అదే పీఎన్‌జీ. దానికి పేటెంటు బెడద లేని కుదింపు కావాలి. ఫిల్ కాట్జ్ తన పీకేజిప్ కోసం రూపొందించి, వివరాలు బయటపెట్టిన డిఫ్లేట్ పద్ధతి సిద్ధంగా ఉంది. దాన్ని గ్జిప్‌లో అప్పటికే రాసిన ఇద్దరు, కుదించే వైపు జాన్-లూ గయీ, విప్పే వైపు మార్క్ ఆడ్లర్, కలిసి నన్ను లైబ్రరీగా తయారుచేశారు. 1995 మే 1న 0.9 అనే అంకెతో నేను బయటికొచ్చాను. ఆడ్లర్ తర్వాత నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో స్పిరిట్ రోవర్‌ను అంగారకుడి మీదికి పంపే పనిలో ఉన్నారు. నన్ను పెంచినవాళ్ళలో ఒకరికి వేరే గ్రహం దాకా పరిచయాలున్నాయని గర్వంగానే చెబుతాను.

ఇద్దరూ ఇన్ఫో-జిప్ అనే గుంపు మనుషులు. జిప్ ప్రోగ్రాంను దొరికిన ప్రతి కంప్యూటర్ మీదికీ ఎక్కించడమే ఆ గుంపు పని: యూనిక్స్, డాస్, వీఎంఎస్, అమీగా, అటారీ, ఓఎస్/2. కాబట్టి నేను పుట్టకముందే మా ఇంట్లో ఒక తెలివిడి ఉంది. ఏ ఊరైనా వెళ్ళాలంటే ఆ ఊరిని అడిగేవి తగ్గించుకోవాలి. నా అసలు పని, కుదించడమూ విప్పడమూ, ఫైలు తెరవదు, తెర మీద రాయదు, గడియారం చూడదు. ఇక్కణ్ణుంచి బైట్లు తీసుకో, అక్కడ పెట్టు, అంతే. కావలసింది కాస్త మెమరీ. కుదించడానికి మామూలుగా 256 కిలోబైట్లు, విప్పడానికి అంతకన్నా చాలా తక్కువ. అదీ ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలని లేదు. పిలిచినవాళ్ళు తమ సొంత ఫంక్షన్ ఇస్తే దాంతోనే తెచ్చుకుంటాను. మంచినీళ్ళు కూడా అడగని చుట్టాన్ని ఎవరు కాదంటారు?

అయినా కొన్ని ఇళ్ళ గుమ్మాలు మరీ పొట్టివి. డాస్ కాలంలో ఇంట్ అంటే 16 బిట్లు, మెమరీ అంటే 64 కిలోబైట్ల ముక్కలు. నేను వెనక్కి చూసే దూరం 32 కిలోబైట్లు. దాన్ని సరళంగా జరుపుకోవడానికి రెండింతలు పెట్టుకుంటాను, అంటే సరిగ్గా ఒక ముక్క నిండా. మీలో ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు టర్బో సి నీలం తెర గుర్తుంటుంది. లోకమంతా వదిలేశాక కూడా మన కాలేజీ ల్యాబుల్లో ఏళ్ళ తరబడి వెలిగింది అది. ఆ టర్బో సి మామూలు మాలోక్‌తో 64 కిలోబైట్లు ఒక్కసారి ఇవ్వదు. ఫార్‌మాలోక్ అడిగితే ఇస్తుంది గానీ ముక్క మొదటినుంచి కాక 8 బైట్లు లోపలికి జరిపి ఇస్తుంది. అందుకని ఆ పాయింటర్‌ను సర్దుకుని, అసలు చిరునామా ఒక చిన్న పట్టికలో రాసుకుని, తిరిగిచ్చేటప్పుడు వెతికి ఇచ్చే కోడు నాలో ఉంది. దాన్ని ఇప్పుడు ఎవరూ నడపరు. తీసేయమని సలహా ఇచ్చే కుర్రాళ్ళంటే నాకు కొంచెం చిరాకు.

పేర్ల సంగతి ఇంకో తంటా. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. కంప్రెస్ అన్న పేరు ఇంగ్లిషులో సరిగ్గా ఎనిమిది కాబట్టి బతికిపోయింది. అన్‌కంప్రెస్ పట్టక, తోక కోసుకుని 'అన్‌కంపర్' అయింది. ఈరోజు లైనక్స్‌లో చూసినా అదే పేరు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైలు పేరు కాదు, ఫంక్షన్ పేరే ఎనిమిది దాటితే అక్కడి లింకర్ ఒప్పుకోదు. అక్కడ నా డిఫ్లేట్ఇనిట్‌ని 'డీఈఐఎన్' అని పిలుస్తారు. పెట్టుడు పేరు అయినా పలుకుతాను.

నన్ను కంపైల్ చేయడం అంటే 15 సి ఫైళ్ళను కంపైలర్‌కిచ్చి, వచ్చిన ముక్కల్ని ఒక మూటగా కట్టడం. ఇంత చిన్న పనికి కాన్ఫిగర్ అనే స్క్రిప్టు ఎందుకని అడుగుతారు. నా కాన్ఫిగర్ ఆటోకాన్ఫ్ పుట్టించింది కాదు, చేత్తో రాసింది. దాని స్వభావం నాకు నచ్చుతుంది: నీ దగ్గర ఏమున్నాయి అని అడిగి నమ్మదు. నాలుగు లైన్ల సి ప్రోగ్రాం రాసి కంపైల్ చేసి చూస్తుంది. అయితే ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఫైలులో రెండు గిగాబైట్ల అవతలికి వెళ్ళగలమా? ఆకృతి ప్రకారం రాసే విఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఉందా? ఉంటే ఎన్ని అక్షరాలు రాసిందో చెబుతుందా, ఏమీ చెప్పకుండా ఊరుకుంటుందా? నవ్వకండి, ఊరుకునేవి నిజంగానే ఉండేవి.

ఈ మధ్య మ్యాక్ మీద ఒక తమాషా తరచూ జరుగుతుంది. తొందరమనిషి ఎవరో కాన్ఫిగర్ నడపకుండా నా 15 ఫైళ్ళనూ తన ప్రాజెక్టులో పడేసుకుంటాడు. పన్నెండు చక్కగా కంపైల్ అవుతాయి. గ్జిప్ ఫైళ్ళు తెరిచి చదివి రాసే మూడింటి దగ్గర క్లాంగ్ కంపైలర్ ఆగి, రీడ్, రైట్, ఎల్‌సీక్ ఎవరో తెలియదంటుంది. యూనిఎస్‌టీడీ అనే హెడర్ ఈ ఊళ్ళో ఉందని నా జెడ్‌కాన్ఫ్ హెడర్‌కు చెప్పేది కాన్ఫిగరే; దాన్ని దాటేస్తే నాకెవరు చెబుతారు? పాత కంపైలర్లు గొణిగి వదిలేసేవి, కొత్తవి వదలవు. గమనించారా, ఆగింది ఎక్కడో. మిగతా పన్నెండు ఫైళ్ళకూ ఊరితో పని లేదు. ఊరి గుమ్మం తొక్కే మూడూ ఇబ్బంది పడ్డాయి. ఏ సిస్టమ్ మీదైనా నా కష్టాలన్నీ ఆ గుమ్మం దగ్గరివే.

విండోస్ గుమ్మం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడ ఫైలును బైనరీగా తెరుస్తున్నానని చెప్పకపోతే, నేను రాసేవాటిలో 10 విలువ ఉన్న ప్రతి బైటు ముందూ 13ని తగిలిస్తుంది, కొత్త లైను అనుకుని. చదివేటప్పుడు 26 కనిపిస్తే ఫైలు అయిపోయిందని ఆగిపోతుంది. కుదించిన బైట్లలో 10, 26 ఎక్కడైనా ఉంటాయి. అందుకే తెరిచేటప్పుడే బైనరీ అని విడిగా చెబుతాను. యూనిక్స్‌లో దానికి పనే లేదు.

తర్వాత డీఎల్ఎల్. ఒకప్పుడు నన్ను ఎవరికి తోచినట్టు వాళ్ళు డీఎల్ఎల్‌గా కట్టి, జెడ్‌లిబ్.డీఎల్ఎల్ అని ఒకే పేరుతో పంచారు. ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు పెట్టిన సరుకును స్టాక్ మీంచి ఎవరు తీసేయాలి, పిలిచినవాడా, పిలిపించుకున్నదా అన్న విషయంలో విండోస్‌లో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకరు ఒకదానితో కట్టారు, ఇంకొకరు రెండోదానితో. ఒకే పేరున్న ఆ డీఎల్ఎల్‌లలో ఏది దొరికితే దానికి తగులుకున్న ప్రోగ్రాములు కూలిపోయేవి. చివరికి నన్ను పెంచేవాళ్ళు సంప్రదాయం ఒకటి ఖాయం చేసి, పాత గందరగోళంతో కలవకుండా జెడ్‌లిబ్1.డీఎల్ఎల్ అని కొత్త పేరు పెట్టారు. లైనక్స్‌లో నేను లిబ్‌జెడ్.ఎస్ఓ, మ్యాక్‌లో లిబ్‌జెడ్.డైలిబ్, పాత హెచ్‌పీ-యూఎక్స్‌లో లిబ్‌జెడ్.ఎస్ఎల్. పేరు ఎలా తిప్పినా నేనే.

64 బిట్ల కాలం వచ్చాక ఇంకో చీలిక. లాంగ్ అంటే లైనక్స్‌లో, మ్యాక్‌లో 8 బైట్లు. విండోస్‌లో మాత్రం 4 బైట్లుగానే ఉండిపోయింది. ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి అని నేను లెక్క రాసుకునేది లాంగ్‌లోనే. అందువల్ల నా పని పలక అయిన జెడ్-స్ట్రీమ్ లైనక్స్‌లో 112 బైట్లు, విండోస్‌లో 88. అక్కడ 4 గిగాబైట్లు దాటితే ఆ మీటరు తిరిగి సున్నాకొస్తుంది. కుదింపు చెడదు, లెక్క మాత్రం పిలిచినవాళ్ళు విడిగా వేసుకోవాలి. కంపైలర్ సెట్టింగుల తేడావల్ల పిలిచేవాడి పలక ఒక సైజులో, నాది ఇంకో సైజులో ఉండే ప్రమాదమూ ఉంది. అందుకే మొదటి పిలుపులోనే నా వెర్షనూ, వాళ్ళ పలక సైజూ చెప్పించుకుంటాను. పలక సైజు ఏమాత్రం తేడా ఉన్నా -6 అని జవాబిచ్చి పని మొదలే పెట్టను. కనిపించకుండా మెమరీ చెడగొట్టడం కంటే మొహం మీద చెప్పడం మేలు.

ఇన్ని తేడాలున్నా నా నుంచి వెళ్ళే బైట్ల వరస ఏ ఊరిదో ఇంకో ఊరికి తెలియనక్కరలేదు. స్పార్క్ యంత్రాలు అంకెను పెద్ద వైపు నుంచి దాస్తాయి, ఇంటెల్‌వి చిన్న వైపు నుంచి. నేను అంకెను మెమరీలో ఉన్నట్టే దింపను. బిట్లు జరిపి ఒక్కో బైటూ నా చేత్తో వేస్తాను. మొత్తం సరిగ్గా చేరిందో లేదో చూసే ఆడ్లర్-32 మొత్తాన్ని చివర్లో పెద్ద వైపు నుంచే రాస్తాను, ఏ యంత్రమైనా సరే. గ్జిప్ రూపంలో మాత్రం సరిచూసే అంకె చిన్న వైపు నుంచి రాయాలి. అది గ్జిప్ ఇంటి పద్ధతి.

ఆ గ్జిప్ తలకట్టులోనే ఒక సరదా ఉంది. 1996 మేలో వెలువడిన 1952వ నంబరు ఆర్ఎఫ్‌సీ ప్రకారం అందులో పదో బైటు ఏ సిస్టమ్ మీద కుదించారో చెబుతుంది: డాస్ అయితే 0, అమీగా 1, యూనిక్స్ 3, అటారీ 5, ఏకార్న్ 13, తెలియకపోతే 255. పాఠం ఫైళ్ళలో లైను ఎలా ముగుస్తుందో ఊహించడానికి పనికొస్తుందని పెట్టారు. విప్పేటప్పుడు నేను దాన్ని పట్టించుకోను. కుదించిన ముక్క అన్నిచోట్లా బైటుకు బైటు ఒకేలా ఉంటుందని నేనెప్పుడూ మాటివ్వలేదు. వెర్షన్ మారితే మారుతుంది, ఇంకొకరు రాసిన వేగవంతమైన రకం వాడితే మారుతుంది. విప్పితే మొదటి పాఠమే రావాలి. మాట ఇచ్చింది దానికే.

అన్నీ మోసుకు తిరిగాననుకోకండి, కొన్ని వదిలాను కూడా. 1989లో సి భాషకు ప్రమాణం వచ్చింది. అంతకు ముందటి పద్ధతిలో, ఫంక్షన్ పేరు తర్వాత విడి లైన్లలో పరామితుల రకాలు చెప్పడం 2023 దాకా నాలో కొనసాగింది. ఏ మూల ఏ పాత కంపైలర్ ఉందో అన్న బెంగతో. సి భాష కొత్త ప్రమాణం ఆ రాతనే తీసేయడంతో కంపైలర్లు గోల పెట్టాయి. 1.3 వెర్షన్‌లో కోటు మార్చాను.

చివరిగా, పైథాన్‌నో రూబీనో సోర్సు నుంచి కంపైల్ చేసుకుంటూ 'జెడ్‌లిబ్ లేదు' అన్న మాట చూసి జుట్టు పీక్కునేవాళ్ళకు. నేను ఉన్నాను. ఉబుంటు వేసినప్పుడే వచ్చి ఉన్నాను, లేకపోతే ఆ సిస్టమ్‌లో సగం ప్రోగ్రాములు లేవవు. లేనివి నా హెడర్లు. కంపైలర్‌కు కావలసింది అవే, అవి వేరే ప్యాకేజీలో ఉంటాయి. ఫెడోరాలో జెడ్‌లిబ్-డెవెల్ తరహా పేరు. డెబియన్, ఉబుంటుల్లో జెడ్‌లిబ్1జి-డెవ్. ఆ 'జి' లైనక్స్ పాత సి లైబ్రరీ నుంచి జీలిబ్‌సీకి మారిన రోజుల గుర్తు, ఎవరూ తీయలేదు. దాన్ని తెచ్చుకున్నాక ఊరికే మేక్ కొట్టకండి. నేను లేనని రాసుకున్న పాత ఫలితం చాలా ప్రాజెక్టుల్లో ఇంకా అలాగే ఉంటుంది. డైరెక్టరీ శుభ్రం చేసి, కాన్ఫిగర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.