పెట్టె అడుగున నక్షత్రం

నేను బర్మా స్టార్‌ని, ఆరు కోణాల పతకాన్ని. నడుమ కిరీటం, ఆరో జార్జి పొడి అక్షరాలు. పైన ముదురు నీలం రిబ్బను, దాని మధ్య వెడల్పాటి ఎర్ర చార, రెండు పక్కలా నారింజ గీతలు. 1941 డిసెంబరు 11కీ 1945 సెప్టెంబరు 2కీ మధ్య బర్మా రంగంలో పనిచేసినవారికి నన్నిచ్చారు. కృష్ణా డెల్టాలో ఓ ఇంటి ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున నా కాపురం. నన్ను దాచినవాళ్లు తాతగారి జ్ఞాపకాన్నే దాచామనుకుంటున్నారు. అది పొరపాటని చెప్పడానికే నోరు విప్పుతున్నాను. నన్నెంత తోమినా నేను చెప్పేది ఆయన బర్మా వెళ్లాడన్న ఒక్క ముక్కే. ఆ వానల్లో ఏం తిన్నాడో, ఇంటి ఉత్తరం ఎవరిచేత చదివించుకున్నాడో, తిరిగొచ్చాక ఏ చప్పుడుకి ఉలిక్కిపడేవాడో నాకు తెలీదు.

ప్రభుత్వాల దగ్గర కాగితాలున్నాయిగా అనవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద, సమాధి ఎక్కడో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కారు. బతికి ఇంటికొచ్చినవాడికి ఆ రాతి మీద చోటు లేదు. సిపాయిల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, తమకు పనికొచ్చే వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో పెట్టుకున్నారు. దివిసీమ యాస వాటిలో ఎంత వెతికినా దొరకదు. పైగా యుద్ధం బర్మాకే పరిమితం కాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. గన్నవరంలో ఇవాళ మనం విమానం ఎక్కే చోటు అప్పటి సైనిక విమానాల స్థావరమే. బర్మా బియ్యం రాక ఆగిపోయింది, కిరసనాయిలుకు కటకటైంది. ఊరి పొలిమేర దాటని అమ్మమ్మ చెప్పే రేషను కబుర్లూ యుద్ధ జ్ఞాపకాలే. వాటికి పతకాలివ్వలేదు గనక ముందు వాటినే అడగాలంటాను.

ముసలితనంలో జ్ఞాపకం తప్పుతుంది, దాన్ని చరిత్రంటామా అని చదువుకున్నవాళ్ల అభ్యంతరం. తప్పుతుంది, నిజమే. నెలలు తారుమారవుతాయి, విన్నది కన్నదైపోతుంది. తేదీలైతే కాగితాలతో సరిచూసుకోవచ్చు, చెప్పే పెద్దాయన పడ్డ భయం మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. అందుకే ఆయన అన్నది అన్నట్టే ఉంచి, తేడాలుంటే పక్కన రాసుకోవాలి. మానిన పుండు రేపడమెందుకన్న మాట ఇంతకంటే బరువైనది. ఆయన వద్దంటే అక్కడితో ఆపెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. అలాగని, అడిగే దిక్కులేక ఊరుకున్న పెద్దల్ని కూడా బాధతో మాట్లాడటం లేదని సరిపెట్టుకోవడం అన్యాయం. నన్నందుకున్న తరం దాదాపు వెళ్లిపోయింది. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల జవానుకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఫోను ముందు పెట్టి, నీ వీరగాథ చెప్పు తాతయ్యా అంటే సినిమా కథ వస్తుంది. రైలెక్కిన రోజు బెజవాడ స్టేషనుకి ఎవరెవరొచ్చారని అడిగితే అసలు సంగతులొస్తాయి. పేరు, ఊరు, రికార్డు చేస్తున్న రోజు తేదీ మొదటే ఆయనచేత చెప్పించాలి. ఫోను పాడైతే అంతా పోతుంది గనక ఆ మాటల్ని కాగితం మీదికెక్కించి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికివ్వాలి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. ఈ కాగితాలకు ఇక్కడ ఒక అల్మారా దొరక్కపోదు.