పెద్దమ్మ చూసిన చైనా

చైనా, టిబెట్ తిరిగి ఇంటికొచ్చేసరికి నా దగ్గర 1,943 ఫొటోలున్నాయి. హైదరాబాదులో వాటిని చూడ్డానికి ఒక్కడూ దొరకలేదు. పక్క ఫ్లాటాయన నేను లిఫ్టులో కనబడితే మెట్ల దారి పట్టడం మొదలుపెట్టాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు కూడాను. ఇక లాభం లేదని ఫొటోలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, మా ఆవిడని వెంటబెట్టుకుని ధరణికోటలో మా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనభై రెండేళ్ల మనిషి, ఎక్కడికీ పారిపోలేదని ధైర్యం.

భోజనాలయ్యాక పెద్దమ్మ కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఒకవేళ చైనా బాగాలేకపోయినా రాత్రికి కూరైనా తయారవుతుందని ఆవిడ లెక్క.

మొదటి ఫొటో మూతియాన్‌యు దగ్గరి చైనా గోడ. తెల్లవారుజామున కొండల వెన్నుమీద పాకుతూ మంచులోకి మాయమైపోతున్న గోడ. ఫొటోలో మనిషన్నవాడు పడకూడదని నలభై నిమిషాలు కాచుకుని తీశాను.

"ఇందులో నువ్వెక్కడరా?" అంది పెద్దమ్మ.

"నేనుండను పెద్దమ్మా. తీసింది నేను కదా."

"మరి నువ్వెళ్లావని గుర్తేంటి?"

సరిగ్గా ఈ ముక్క మీదే పద్దెనిమిది రోజులూ నాకూ మా ఆవిడకీ పడలేదు. ఆవిడ తీయించుకున్న ఫొటోల్లో ఆవిడ ఉంటుంది, వెనకాల ఎక్కడో వీలునిబట్టి చైనా ఉంటుంది. నా ఫొటోల్లో చైనా ఒక్కటే ఉంటుంది. "ఇవి కేలెండర్లో కూడా దొరుకుతాయి కదండీ" అని ఆవిడ ఒకటికి నాలుగుసార్లు అంది.

"ఎంత పొడుగుంటుందిరా ఆ గోడ?"

"అందరు రాజులూ కట్టినవి కలిపితే 21,196 కిలోమీటర్లని 2012లో లెక్క తేల్చారు."

పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పక్కింటివాళ్లకీ మాకూ మధ్య ప్రహరీ ముప్పై అడుగులు. పంతొమ్మిదేళ్లుగా కోర్టులో ఉంది. "అంత గోడకి హద్దు తగాదాలు రాలేదంటావా?"

"తగాదాల కోసమే కట్టారు పెద్దమ్మా."

బీజింగ్ రాజప్రాసాదం 1406లో మొదలుపెట్టి 1420కల్లా ముగించారు. నా ఫొటోలో మాత్రం ఎటు చూసినా టోపీలు, గొడుగులు, ఒక సెల్ఫీ కర్ర, దాని కొసన పసుప్పచ్చ పెంకుల చూరు జానెడు. "కోటప్పకొండ తిరునాళ్లా?" అంది పెద్దమ్మ. కాదనడానికి ఆధారం లేక ముందుకు తిప్పాను.

తర్వాత సియాన్‌లో మట్టి సైన్యం. ఇక్కడ గొంతు సవరించుకున్నాను. ఎందుకంటే ఈ కథ నేను బాగా చెబుతానని నాకొక నమ్మకం. "1974లో, పెద్దమ్మా, కొందరు రైతులు బావి తవ్వుతుంటే మట్టిబొమ్మల ముక్కలు బయటపడ్డాయి. ఇంకా తవ్వితే ఏముంది! ఒక పెద్ద సైన్యం. మొత్తం ఎనిమిది వేల దాకా ఉంటాయని అంచనా. ఒక మొహంలా ఇంకో మొహం ఉండదు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట చక్రవర్తి చచ్చిపోతే, పైలోకంలో కాపలాకని సమాధి దగ్గర పాతిపెట్టారు."

పెద్దమ్మ చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపింది. ఆశ్చర్యపోయిందనే అనుకున్నాను.

"నీళ్లు పడ్డాయా?"

"ఏంటి?"

"పాపం బావి తవ్వుకున్నారన్నావుగా. నీళ్లు పడ్డాయా, లేదా?"

ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి ఆ గుంతల్లోకి తొంగిచూసి వెళుతుంటారు. ఈ ప్రశ్న గైడుని ఎంతమంది అడిగుంటారో గానీ, నేనైతే అడగలేదు. వేసవిలో రెండు బోర్లు ఎండిపోయిన మనిషికి తప్ప తట్టే ప్రశ్న కాదది.

దక్షిణాన లీ నది ఉంది. నీళ్లలోంచి అమాంతం లేచి నిలబడ్డ పచ్చటి కొండలు, వాటి నీడలు, మధ్యలో వెదురు తెప్పలు. ఆ కొండల బొమ్మ ఇరవై యువాన్ల నోటు వెనకాల ఉంటుంది. షింగ్‌పింగ్ ఊరి దగ్గర ఒడ్డున నిలబడి అందరూ జేబులోంచి ఆ నోటు తీసి, అసలు కొండల పక్కన చాచి పట్టుకుని ఫొటో తీసుకుంటారు. కొండ నోటులాగే ఉందా అని సరిచూసుకుంటారు. నేనూ సరిచూశాను. ఉంది.

ఆ ఒడ్డునే తెల్లగడ్డం తాతొకాయన, భుజాన కావడి, కావడికి అటూ ఇటూ రెండు నీటికాకులు. పూర్వం ఈ కాకుల మెడకి నార కట్టి నీళ్లలోకి వదిలేవాళ్లు. చిన్న చేపలు మింగగలవు, పెద్దవి గొంతులో ఆగిపోతాయి, జాలరి తీసుకుంటాడు. ఇప్పుడు తాతకి చేపలతో పని లేదు. మనల్ని పడుతున్నాడు. కాకులతో ఫొటోకి ఒక రేటు, లాంతరు వెలిగిస్తే ఇంకో రేటు, వల విసిరితే మరోటి. నేను బేరమాడి వల మానేసి లాంతరుకి ఒప్పించాను. ఎడమవైపు కాకి ఆకుపచ్చ కన్ను ఒకటి నావైపు తిప్పి చూసింది. మా ఊరి బస్సు కండక్టరు చిల్లర లేనివాణ్ణి చూసే చూపది. కెమెరా ఎత్తగానే రెక్కలు విదిల్చి నా కళ్లజోడు నిండా నది పోసింది. ఫొటో బాగా వచ్చింది. పెద్దమ్మ చూసి, "కాకి బాగా పెరిగింది" అని మాత్రం అంది.

ఇంతలో మా ఆవిడ లోపల్నుంచి మిగిలిన నోట్లు తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఒక యువాన్ నోటు వెనక పశ్చిమ సరస్సు, అయిదు మీద తైషాన్ పర్వతం, పది మీద యాంగ్‌త్సీ లోయ, ఇరవై సంగతి చెప్పాను, యాభై మీద లాసా పొటాలా, వంద మీద బీజింగ్ మహాసభా భవనం. మొత్తం కలిపితే 186 యువాన్లు. పెద్దమ్మ ఒక్కో నోటూ వెలుగుకి పట్టుకుని చూసి, "ఇవి ముందే చూపిస్తే సరిపోయేదిగా" అంది.

నేను టిబెట్‌లోకి వచ్చేశాను.

షినింగ్ నుంచి లాసాకి రైలు. 2006లో లాసా దాకా తెరిచిన దారి, తంగ్‌గులా కనుమ దగ్గర 5,072 మీటర్ల ఎత్తుకి వెళుతుంది. బోగీల్లో ఆక్సిజన్ వదులుతారు. గాలి పలచనైనకొద్దీ మూతిబిగించిన పొట్లాలన్నీ ఉబ్బుతాయి. మా సంచిలో గోంగూర పచ్చడి పొట్లం గోల్గుంబజంలా తయారైంది. మా ఆవిడ దాన్ని చూసి భయపడి, మెల్లగా ఒక మూల కత్తిరించబోయింది. మెల్లగా అనేది దానికి తెలిసుంటే కదా! అందుకే కిటికీలోంచి తీసిన మూడు ఫొటోల్లో మంచుకొండల మీద నీలాకాశంలో ఒక ఎర్రటి నూనె మరక ఉంది.

"అదేంట్రా?"

"గోంగూర, పెద్దమ్మా."

"నేను పంపిందేనా?"

"నువ్వు పంపిందే."

పళ్లెం పక్కన పెట్టి, లేచి టీవీ దగ్గరికొచ్చి చూసింది. "చూశావా, నూనె చాల్లేదన్నావు ఆ రోజు. ఇదొక్కటి బాగా తీశావురా."

పొటాలా ముందు మా ఆవిడ తీసిన ఫొటో ఒకటుంది. పదమూడంతస్తుల తెలుపూ ఎరుపూ కోట. దాని మెట్ల మీద, సముద్రమట్టానికి 3,700 మీటర్ల ఎత్తున, ఒక చెయ్యి గుండె మీదా ఇంకో చెయ్యి నేల మీదా ఆనించి నేను. పెద్దమ్మ మొదటిసారి నన్ను గుర్తుపట్టింది. "ఎవరన్నా పోయారా?" అంది.

లోపల ఫొటోలు తీయనివ్వరు. "తిరపతిలో మాత్రం తీయనిస్తారా? అదే పద్ధతి" అని పెద్దమ్మ వాళ్లని మెచ్చుకుంది. చిత్రమేమిటంటే, లోపల చూసినవే నాకు బాగా గుర్తున్నాయి. ముందు వెళుతున్న ఒక ముసలమ్మ ఫ్లాస్కు మూత తీసి, కరిగిన వెన్నని దీపందీపానికీ ఒక్కో చుక్క ఒంపుతూ పోయింది. అయిదో దలైలామా బంగారు స్తూపం దగ్గర మాత్రం రెండు చుక్కలు వేసింది.

బార్కోర్ వీధి దగ్గర నా పరువు పోయింది. జోఖాంగ్ గుడి చుట్టూ భక్తులు తెల్లవారకుండానే ప్రదక్షిణాలు మొదలుపెడతారు. కొందరు సాష్టాంగపడి లేస్తూ తిరుగుతారు. వెలుతురు అటునుంచి బాగుందని నేను ఎదురు నడిచాను. మొత్తం అరవై మూడు ఫొటోలు. అన్నిట్లోనూ చారల ఏప్రన్ల ముసలమ్మలు, చేతుల్లో తిరిగే ప్రార్థనా చక్రాలు, అందరూ సూటిగా నావైపే చూస్తున్నారు. మొహాల్లో ఎంత గాంభీర్యం అని మురిసిపోయాను.

"తిడుతున్నార్రా నిన్ను" అంది పెద్దమ్మ. "అప్రదక్షిణంగా తిరిగావు కదూ? అమరలింగేశ్వరుడి గుళ్లో నీకు ప్రదక్షిణం నేర్పింది నేనే!"

"శివాలయంలో సోమసూత్రం దాటకుండా వెనక్కి తిరగాలని చెప్పింది కూడా నువ్వే."

"అది శివుడికి. బుద్ధుడికి సోమసూత్రం ఏందిరా?"

మాట మార్చడానికి ద్రెపుంగ్ మఠం పెట్టాను. లాసా పక్కనే కొండవాలున 1416లో కట్టిన మఠం. అక్కడివి నా దగ్గర పద్నాలుగు ఫొటోలున్నాయి. పద్నాలుగూ పసుప్పచ్చ గోడ కింద నిద్రపోతున్న ఒక కుక్కవి. నేను బోర్లాపడుకుని ఏడో ఫొటో తీస్తుండగా గైడు ఏదో చెబుతున్నాడు. ద్రెపుంగ్ అంటే బియ్యపు రాశి అట, దక్షిణ భారతంలో బుద్ధుడు కాలచక్రం బోధించాడని వాళ్లు నమ్మే ధాన్యకటకం అనే ఊరి పేరే దీనికి పెట్టారట. నేను తలెత్తకుండానే "చెన్నైయా?" అన్నాను. రాత్రి హోటల్లో మా ఆవిడ, "ఏమండీ, ధాన్యకటకం అంటే మీ పెద్దమ్మగారి ఊరు కాదూ?" అనేదాకా నాకు వెలగలేదు.

ఇదంతా చెప్పి, పెద్దమ్మ నోరు తెరుస్తుందని చూశాను.

"తెలుసుగా" అంది. "2006 జనవరిలో దలైలామా మన పక్కనే అమరావతి వచ్చి ఆ కాలచక్రమే చెయ్యలా? వేలమంది వచ్చారు, ఎక్కడ చూసినా డేరాలే. ఒకావిడ మన అరుగు మీదే కూర్చునేది. నేను మజ్జిగ ఇస్తే ఉప్పు ఇంకాస్త వెయ్యమని సైగ చేసేది. నాకు పేలపిండి లాంటిదేదో పెట్టింది, బెల్లం లేదు అందులో. మీ తమ్ముడు స్తూపం చుట్టూ అడ్డదిడ్డంగా పరిగెడుతుంటే చొక్కా పట్టుకుని ఇటు తిప్పింది. లాసానో ఏదో అనేది."

చిక్కుడుకాయలు అయిపోయాయి. పెద్దమ్మ కళ్లజోడు మళ్లీ తుడుచుకుంది.

"ఆ ముసలాళ్ల ఫొటోలు వెనక్కి తిప్పు."

తిప్పాను. ఒక్కొక్కటీ ఆపి, దగ్గరికొచ్చి చూసి, ఊఁ అంటూ సాగింది. నలభై ఒకటో ఫొటో దగ్గర వేలు టీవీకి ఆనించింది. ఎండకి ముడతలు పడ్డ మొహం, కుడిచేతిలో చక్రం, ఎడమచేతి చూపుడువేలు నావైపు లేచి గాల్లో సున్నా చుడుతోంది.

"ఇదిగో, ఇదే" అంది పెద్దమ్మ. "బాగా చిక్కిపోయింది. మజ్జిగ ఎవరిస్తున్నారో ఏమో."