శెట్టిగారి కొసరు, బ్యాంకువారి పాయింట్లు

మా రోజుల్లో సరుకు కొన్నాక కొసరు వచ్చేది. ఇప్పుడు కొసరు ఎంతొస్తుందో ముందు చూసుకుని, దానికి తగ్గట్టు సరుకు కొంటున్నారు. నమ్మకపోతే ఓ ఆదివారం మా ఇంటికి రండి. బిర్యానీ తెప్పించాలంటే ఏ యాప్‌లో ఏ కార్డు గీకితే ఎంత వెనక్కొస్తుందో కొడుకూ కోడలూ మనవడూ కలిసి సభ తీరుస్తారు. ఒకడు పది శాతమంటాడు. ఒకరు అది వంద రూపాయలకు మించి రాదంటారు. ఇంకొకరు ఈ నెల కోటా అయిపోయిందంటారు. ఈలోగా నా ఆకలి చచ్చిపోతుంది, పెరుగన్నం తిని లేస్తాను.

గుడివాడలో మాకు ఖాతా ఉన్న శెట్టిగారికి ఏ యాపూ లేదు. ఎర్ర అట్ట పద్దు పుస్తకం ఉండేది. మా ఇంట్లో నెలకు ఎంత కందిపప్పు ఖర్చవుతుందో మా ఆవిడ కంటే ఆయనకే బాగా తెలుసు. ఒకటో తారీఖున జీతం రాగానే బాకీ కడితే, పిల్లాడి చేతిలో పటికబెల్లం ముక్క పెట్టేవాడు. ఉగాదికి పంచాంగం, జనవరిలో వెంకటేశ్వరస్వామి కాలెండరు. కూరగాయలమ్మి కరివేపాకు, కొత్తిమీర బుట్టలోంచి తీసి పడేసేది. వాటికి గడువు తేదీ లేదు, షరతులు వర్తించవు. అలాగని శెట్టిగారు ధర్మప్రభువేమీ కాదు. అరువు సరుక్కి అర్ధణా ఎక్కువే వేసేవాడు, చింతపండులో గింజలూ తూచేవాడు. బాకీ రెండో నెలకు దాటిందో, కొట్టు నిండా జనం ఉన్నప్పుడే చూసి గొంతు పెంచేవాడు. కానీ ఒకటి మాత్రం నిజం. కొసరు కోసం అదనంగా ఇంకో మానెడు మినుములు కొనమని ఏనాడూ అనలేదు.

కార్డంటే తెలియని పల్లెటూరివాణ్ణని అనుకోకండి. కరెంటాఫీసులో పద్దులు రాసి రిటైరైనవాణ్ణి. మన దేశంలో సెంట్రల్ బ్యాంకు 1980లో క్రెడిట్ కార్డు తెస్తే, ఆ మరుసటేడే 1981లో మన ఆంధ్రా బ్యాంకు తెచ్చింది. బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, సరే. అప్పట్లో కార్డు చూపిస్తే కొట్టువాడు దాన్ని ఓ ఇనప పీట మీద పెట్టి, పైన కార్బను కాగితాల చీటీ వేసి, చర్రున లాగేవాడు. అంకెలు అచ్చుపడేవి. జేబులో డబ్బు లేకుండా పని జరగడమే గొప్ప. దానికి మళ్ళీ బహుమతులేమిటి?

ఇప్పుడు బహుమతే ముందు, కార్డు తర్వాత. మా మనవడు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. నల్లగా నిగనిగలాడే కార్డొకటి తెచ్చుకున్నాడు. ఏడాదికి 5,000 ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,900. "పాయింట్లొస్తాయి తాతయ్యా" అన్నాడు. కాగితం, పెన్సిలు తెమ్మన్నాను. వంద రూపాయల ఖర్చుకు రెండు పాయింట్లు. పాయింటు విలువ పావలా. అంటే వందకు అర్ధరూపాయి. కట్టిన ఫీజు వెనక్కి రావాలంటేనే ఏడాదికి 11 లక్షల 80 వేలు ఖర్చు పెట్టాలి. వాడి జీతం అంత లేదు. "శంషాబాద్ ఎయిర్‌పోర్టు లాంజిలో టిఫిను ఉచితం" అన్నాడు. నువ్వు విమానం ఎక్కేది ఎన్నిసార్లురా అంటే నసిగాడు. పైగా మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే లాంజిలోకి రానిస్తామని మెలిక కూడా ఉంది.

కార్డు ఎంచుకునేటప్పుడు బ్యాంకువాడి రంగుల కాగితం చదవకూడదు, మన ఇంటి పద్దు చదవాలి. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. మా కోడలు మాత్రం వింది. "మామయ్యగారూ, మీరే చెప్పండి" అని మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టింది. ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టాను. ఇంటద్దె మీద పాయింట్లు చాలా కార్డుల్లో రావు. పెట్రోలు మీద రావు. బంగారం, ఇన్సూరెన్సు, స్కూలు ఫీజు, మునిసిపాలిటీ పన్ను, ఇవీ చాలాచోట్ల కొట్టివేతే. కరెంటు బిల్లుకు ఓ కార్డు ఇస్తుంది, ఓ కార్డు ఇవ్వదు. పెట్రోలు సర్‌చార్జి మాఫీ అని గొప్పగా రాస్తారు. అసలు ఆ ఒక శాతం వేసిందీ వాళ్ళే, తీసిందీ వాళ్ళే, దాని మీది జీఎస్టీ మాత్రం తిరిగి రాదు. ఇందులో మనకు ఒరిగిందేమిటో?

అన్నీ కొట్టేశాక కార్డు మీద పెట్టదగిన ఖర్చు నెలకు 20 వేలు తేలింది. కిరాణా, మందులు, ఫోను, ఇంటర్నెట్టు, ఆన్‌లైన్లో కొనే చిల్లరమల్లర. అందులో సగానికి పైగా ఒకే ఆన్‌లైన్ అంగడిలో పోతూ ఉంటే ఆ అంగడి పేరు మీదున్న కార్డు తీసుకోవచ్చు, అక్కడ అయిదు శాతం దాకా ఇస్తారు. మా ఇంట్లో అలా లేదు, ఖర్చు పది చోట్లకు చెదిరిపోయింది. అందుకని ఫీజు లేకుండా, ఎక్కడ ఖర్చు పెట్టినా ఒక శాతం డబ్బు రూపంలోనే బిల్లులో తగ్గించే కార్డు చూడమన్నాను. నెలకు 200, ఏడాదికి 2,400. పాయింట్లయితే ఏ వస్తువుకు మార్చుకోవాలా అని వెతకాలి, మార్చుకోవడానికి మళ్ళీ 99 రూపాయల రుసుమనేవాళ్ళున్నారు, రెండేళ్ళు దాటితే చెల్లవనేవాళ్ళున్నారు. నగదుకు ఆ గొడవ లేదు.

రూపే క్రెడిట్ కార్డును 2022 నుంచి యూపీఐకి తగిలించుకోవచ్చు. వీధి చివర కిరాణా కొట్టులో గీకే మిషను లేకపోయినా క్యూఆర్ మీద పనవుతుంది. ఇది బాగానే ఉంది, ఒప్పుకుంటాను. అయితే అది వ్యాపారి ఖాతా క్యూఆర్ అయి ఉండాలి. తోపుడుబండి అబ్బాయి సొంత ఖాతా క్యూఆర్ పెట్టుకుంటే క్రెడిట్ కార్డు నుంచి డబ్బు పోదు.

ఈ కొసరు ఎవడి జేబులోంచి వస్తోందని ఎవరూ అడగరేం? కార్డు గీకిన ప్రతిసారీ కొట్టువాడు బ్యాంకులకు సుమారు రెండు శాతం దాకా వదులుకుంటాడు. అందులోంచి మనకో ముక్క విదిలిస్తారు. అందుకే కొందరు కొట్టువాళ్ళు "కార్డయితే రెండు శాతం ఎక్కువండీ" అంటారు. అలా ఇచ్చి గీకితే ఒక శాతం కొసరు కోసం రెండు శాతం పోగొట్టుకున్నట్టే. మిగతా డబ్బు బాకీ పడ్డవాళ్ళ వడ్డీలోంచి. బాకీ పడ్డవాడి వడ్డీతో బాకీ తీర్చినవాడికి ఎయిర్‌పోర్టులో ఇడ్లీ పెడతారు.

ఆ వడ్డీ సంగతి వినండి. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం, ఏడాదికి 42. మా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ తీసుకున్నవాణ్ణి రక్తం తాగుతున్నాడని తిట్టేవాళ్ళం, పాపం! బిల్లు 30 వేలొచ్చిందనుకోండి. 'కనీసం కట్టవలసింది' అని కింద 1,500 వేస్తారు. అది కట్టి హమ్మయ్య అనుకుంటారు. మిగిలిన 28,500 మీద ఒక్క నెలకు 997 రూపాయల చిల్లర, దాని మీద జీఎస్టీ 180, వెరసి దాదాపు 1,177. అదీ తక్కువలో తక్కువ లెక్క, వడ్డీ లెక్క సరుకు కొన్న తేదీ నుంచే కడతారు కాబట్టి. కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఎగిరిపోతుంది. మా కోడలు ఏడాదికి సంపాదించే 2,400లో సగం ఒక్క నెల ఏమరుపాటుకు సరి. అందుకే మొత్తం బిల్లు గడువులోగా ఖాతా నుంచి తనంతట తానే చెల్లిపోయేలా పెట్టించాను. ఏ నెలైనా అలా కట్టలేనివాడికి ఏ కార్డు మంచిదని నన్ను అడగవద్దు.

ఇంకో పైత్యం కూడా ఉంది. ఏడాదికి రెండు లక్షలు ఖర్చు చేస్తే ఫీజు మాఫీ అంటారు. మా అబ్బాయి సంవత్సరం చివర్లో లెక్క చూసుకుని ఏడు వేలు తగ్గిందని మిక్సీ కొనుక్కొచ్చాడు. ఇంట్లో మిక్సీ ఉంది, తిరుగుతోంది కూడా. తప్పించుకున్న ఫీజు 999.

మనవడి నల్ల కార్డుకు మళ్ళీ ఫీజు పడేది జనవరిలో. బాకీ లేకుండా చేసి డిసెంబరులోనే మూసేయమని రాయమన్నాను. అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 చొప్పున మనకే కట్టాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశమిచ్చింది, ఆ ముక్క కూడా ఉత్తరంలో పెట్టమన్నాను. అన్నింటికీ తలూపాడు. "కానీ తాతయ్యా, మూసేస్తే పాయింట్లు పోతాయి, అవి వాడేసుకుని మూస్తాను" అన్నాడు. ట్రాలీ బ్యాగు ఒకటి ఎంచుకున్నాడట. దానికి ఇంకా నాలుగు వందల పాయింట్లు తక్కువ. నాలుగు వందల పాయింట్లంటే ఇరవై వేల ఖర్చు, చేతికొచ్చేది వంద రూపాయల విలువ. ఏం కొంటావురా అని అడిగాను.

"అదే చూస్తున్నా తాతయ్యా, మీకేమైనా కావాలా?" అన్నాడు.