మడి కట్టుకున్న నడక

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగిసే కాలిబాట పేరు అపలాచియన్ ట్రెయిల్. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. ఒకే విడతలో మొత్తం నడిచేద్దామని ఏటా వేలమంది బయల్దేరతారు. అయిదారు నెలల పని. ఉద్యోగం మానుకోవాలి, అద్దె ఇల్లు ఖాళీ చేయాలి, బూట్లు నాలుగైదు జతలు అరగదీయాలి. ఇంతకు తెగించినవాళ్లను పట్టి పీడించే భయం ఎలుగుబంటి గురించో, పిడుగు గురించో అయి ఉంటుందనుకుంటాం. వాళ్లలో కొందరి బెంగ వేరు. అంతకుముందు నడిచినవాళ్ల డైరీలు చదివితే తమ నడక ఎంగిలైపోతుందట!

ఈ శాఖవారి సిద్ధాంతం వినడానికి సొంపుగానే ఉంటుంది. మలుపు అవతల ఏముందో ముందే తెలిస్తే ఇక మలుపెందుకు? ఇంకొకడు వానలో తడిసి ఏడ్చిన చోట మనకూ ఏడుపొస్తే అది మన ఏడుపా, వాడిదా? అనుభవం అచ్చంగా సొంతదై ఉండాలంటే పరాయి రాత కంటబడకూడదు. అంటే మడి. తడిబట్టతో వంటింట్లోకి నడిచే ముత్తవ్వ దారిలో ఎవరూ తగలకుండా ఒదిగి ఒదిగి వెళ్లినట్టు, వీళ్లు పుస్తకాల షాపులో యాత్రల అర పక్కనుంచి ఒదిగి వెళ్తారు.

‘ఎవరి నడక వాళ్లదే’ అని ఆ బాట మీద ఒక ఊతపదం ఉంది. పక్కవాడి సంచి బరువు మీదా, బూట్ల కంపెనీ మీదా తీర్పులు చెప్పేవాళ్ల నోరు మూయించడానికి చాలా పనికొచ్చే మాట. మడివాళ్ల చేతిలో పడి అదే మాట, ‘నాకు ముందు ఎవరూ నడవలేదు’ అన్న అర్థానికి వచ్చేసింది.

సరే, ఆ మడి ఎంతదూరం నిలుస్తుంది? మొదటి చెట్టు దాకా. ఆ చెట్టు మీద 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున తెల్లరంగు పట్టీ ఉంటుంది. కటాడిన్ దాకా అలాంటి గుర్తులు లక్షన్నరకు పైనే ఉన్నాయని లెక్క. ఒక్కొక్కటీ ఎవరో ఒక వాలంటీరు డబ్బా, బ్రష్షు పట్టుకుని కొండెక్కి వేసిందే. మేం ఇటు పోయాం, మీరూ ఇటు రండి అని చెప్పే రాత అది. లక్షన్నర చోట్ల ఆ రాత చూసుకుంటూ నడిచే మనిషి పుస్తకం మాత్రం ముట్టనంటాడు.

దాహం వేసేసరికి మడి ఇంకాస్త సడలుతుంది. ఫోను తీసి ఫారౌట్ అనే యాప్ తెరుస్తాడు. ముందున్న ఊటలో నీళ్లున్నాయా, బురదేనా, కొంచెం కిందికి దిగితే ధార బాగుందా అన్నది మొన్న నడిచినవాడు అందులో రాసి పెట్టి ఉంటాడు. అది డైరీ కాదుట, సమాచారమట. రాత్రికి మూడు గోడల షెల్టరు చేరతాడు. బాట పొడవునా అలాంటివి 250కి పైగా ఉన్నాయి. లోపల ఒక నోటుబుక్కు, దాన్ని రిజిస్టర్ అంటారు. ఎలుకల గోల, పాదాల బొబ్బలు, నిన్నటి గురకరాయుడి మీద ఫిర్యాదులు, ముందుకెళ్లిపోయిన స్నేహితుడికి సందేశాలు అందులో ఉంటాయి. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, నవ్వుకుని, కింద తనూ నాలుగు వాక్యాలు గిలికి పడుకుంటాడు. పొద్దున్నే లేచి, తానెవరి రాతలూ చదవనని పక్కవాడికి చెబుతాడు.

అసలా బాటే నేలమీద కంటే ముందు కాగితం మీద పుట్టింది. బెంటన్ మెకాయ్ అనే అడవుల నిపుణుడు 1921లో వాస్తుశిల్పుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అది చదివినవాళ్లు పలుగూ పారా పట్టుకోగా పట్టుకోగా 1937కి బాట పూర్తయింది. దాన్ని మొదట ఒకే విడతలో నడిచిన మనిషిగా పేరు ఎర్ల్ షాఫర్‌ది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు, 1948లో నడిచాడు. బాట సంరక్షణ సంఘంవాళ్లు మొదట నమ్మలేదు. దారిలో తీసిన ఫొటోలూ, జేబులో పెట్టుకు తిరిగిన చిన్న నోటుబుక్కూ చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు. తర్వాత అదే డైరీని భూతద్దం పెట్టి చదివి, ఆయన కొన్ని మైళ్లు ఎగ్గొట్టాడని వాదించినవాళ్లూ బయల్దేరారు. ఇప్పుడది స్మిత్సోనియన్ సంస్థ భద్రపరిచిన కాగితాల్లో ఉంది. డైరీ లేకపోతే మొదటి నడకకు రాతసాక్ష్యమే లేదు. మడివాళ్ల కులదైవం చేతిలో ఉన్నది అంటరాని వస్తువే!

చదివితే నడక పాడవుతుందన్నవాళ్లకు ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పాలి. ఒహాయోకు చెందిన పల్లెటూరి ఆవిడ. పదకొండుమంది బిడ్డల తల్లి, ఆపైన మనవలూ మనవరాళ్లూ. ఒక పాత నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో ఈ బాట మీద వ్యాసం చదివింది. దారి చక్కగా ఉంటుందని, గుర్తులు బాగుంటాయని, రోజు నడక ముగిసేచోట తలదాచుకోవడానికి గుడిసెలుంటాయని అందులోంచి ఆవిడకు అర్థమైంది. 1954లో మెయిన్ వైపునుంచి బయల్దేరి అడవిలో తప్పిపోయింది, కళ్లజోడు పగిలింది, ఫారెస్టువాళ్లు ఇంటికి పంపించారు. ఇంకొకరైతే పత్రికను పొయ్యిలో పెట్టి ఊరుకునేవారు. ఆవిడ మరుసటి ఏడాది, 67 ఏళ్ల వయసులో, భుజాన సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచీ, కాళ్లకు కాన్వాసు బూట్లతో జార్జియా వైపునుంచి మొదలుపెట్టి కటాడిన్ ఎక్కేసింది. ఒంటరిగా ఒకే విడతలో మొత్తం నడిచిన తొలి మహిళ ఆవిడే. విలేఖరులు పట్టుకుంటే ఆ వ్యాసాన్ని చెడామడా కడిగేసింది. ఇంత కష్టమని తెలిస్తే అసలు బయల్దేరేదాన్నే కాదని, బయల్దేరాక మాత్రం మానేది లేదని దాని సారాంశం.

అంటే చదివిందంతా తప్పే. ఆ తప్పు చదువే లేకపోతే గేట్‌వుడ్ ఒహాయోలో కూరగాయల తోటకు నీళ్లు పోసుకుంటూ ఉండేది. తిట్టుకుంటూనే ఆవిడ ఆ బాటను మొత్తం మూడుసార్లు పూర్తిచేసింది. దీన్ని ఎంగిలి నడక అనే ధైర్యం ఉన్నవాళ్లు చేయెత్తవచ్చు.

పోనీ, చదివినవాళ్లైనా చదివినట్టు నడుస్తున్నారా? అదీ లేదు. స్ప్రింగర్ నుంచి సుమారు 30 మైళ్లకు నీల్స్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. అక్కడొక రాతి కట్టడం, అందులో ట్రెయిల్ సామాన్ల దుకాణం. బాట ఆ కట్టడం కిందుగానే వెళ్తుంది. సంచి తేలిగ్గా ఉండాలని ప్రతి డైరీలోనూ ఉంటుంది. అది కంఠతా పట్టినవాళ్లు కూడా ఇంట్లో ఉన్నదంతా మోసుకుని ఆ దుకాణానికి చేరతారు. అక్కడివాళ్లు సంచి విప్పించి, ఇదెందుకు, అదెందుకు అని ఒక్కొక్కటే పక్కన పెట్టించి, వాటిని పార్సిల్ కట్టి ఇంటికి పంపిస్తారు. ఇది ఏళ్ల తరబడి నడుస్తున్న వ్యాపారం. డైరీలకు అంత మహిమే ఉంటే ఆ పార్సిళ్లు ఎప్పుడో ఆగిపోయి ఉండేవి. మన అలిపిరి మెట్లే చూడండి. మోకాళ్ల పర్వతం గురించి తాతముత్తాతల నుంచి వింటూనే ఉన్నాం. విని ఎక్కినవాడికీ, వినకుండా ఎక్కినవాడికీ నొప్పి వచ్చేది మోకాళ్లలోనే.

మడివాళ్ల మాటలో బొత్తిగా నిజం లేదని కాదు. వర్జీనియాలో మెకాఫీ నాబ్ అనే కొండ అంచు ఉంది. గాలిలోకి పొడుచుకొచ్చిన బండ, కింద లోయ. చివర కాళ్లు వేలాడేసి కూర్చుని ఫొటో దిగకుండా ముందుకు సాగిన హైకర్ దొరకడం కష్టం. పెన్సిల్వేనియాలో పైన్ గ్రోవ్ ఫర్నెస్ దగ్గర, బాటలో సగం దూరం దాటినందుకు, సుమారు రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ కూర్చున్న చోటునే తినాలన్న వ్రతం ఉంది. అది చేయాలని ఆకలి చెప్పదు, డైరీలు చెబుతాయి. కడుపు పట్టుకుని మూలుగుతూ చివరి చెంచా మింగేవాడు తన నడక నడుస్తున్నాడా, ఎవరి వ్రతకథకో అక్షింతలు వేస్తున్నాడా అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. అయితే ఆ తెగులుకు మందు అచ్చుపుస్తకాన్ని వెలివేయడం కాదు, చెంచా కింద పెట్టడం.

ఇక అనుకరణ భయం. ఎవరిని అనుకరిస్తారట? ఈ బాట మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం బిల్ బ్రైసన్ 1998లో అచ్చువేసింది. ఆయన మొత్తం బాట నడవనే లేదు. 40 శాతం లోపే నడిచానని లెక్కవేసి తనే రాశాడు. పశ్చిమాన మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్లు పోయే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌కు జనాన్ని తోలింది షెరిల్ స్ట్రేడ్ 2012లో రాసిన ‘వైల్డ్’. ఆవిడ 1995లో నడిచింది దాదాపు 1,100 మైళ్లు. మోయలేని సంచి, ఇరుకు బూట్లు, రాలిన కాలిగోళ్లు, అన్నీ దాచకుండా రాసింది. చదివిన పుస్తకాల పేజీలను చదివినట్టే తగలబెడుతూ బరువు తగ్గించుకుంది. ఆ పుస్తకం, దాని వెంట వచ్చిన సినిమా చూసి జనం విరగబడ్డారు. అంటే రెండు మహా బాటలకూ వేదాలనదగ్గ రెండు పుస్తకాలూ చివరిదాకా పోనివాళ్లు రాసినవే. వీటిని అచ్చంగా అనుకరించేవాడు సగం దారిలో బస్సెక్కాలి.

చావుదాకా పోయిన అనుకరణ ఒకటుంది. మడివాళ్లు తమ వాదానికి తిరుగులేని సాక్ష్యంగా చూపించేది దాన్నే. క్రిస్ మెకాండ్లెస్ అనే యువకుడు 1992లో అలాస్కా అడవిలో వదిలేసిన 142 నంబరు బస్సులో బతికి, అక్కడే తిండిలేక చనిపోయాడు. అతని పొడిపొడి డైరీ ఆధారంగా జాన్ క్రాకవర్ 1996లో పుస్తకం రాశాడు. అది చదివినవాళ్లు ఆ బస్సుకు యాత్రలు కట్టారు. దారిలోని టెక్లనికా నది దాటబోయి 2010లో ఒకరు, 2019లో ఒకరు మునిగిపోయారు. చివరికి 2020 జూన్‌లో సైనిక హెలికాప్టర్ వచ్చి బస్సును ఎత్తుకుపోయింది. చూశారా, చదివి చచ్చారు అంటారు మడివాళ్లు. నిజానికి మెకాండ్లెస్‌ను అడ్డగించిందీ ఆ నదే. వేసవిలో పొంగింది, వెనక్కి రాలేకపోయాడు. అక్కడికి కొద్ది దూరంలోనే నదికి అడ్డంగా ఉక్కుతాడు, దానికి వేలాడే బుట్ట ఉండేవని క్రాకవర్ రాశాడు. సరైన మ్యాపు అతని దగ్గర లేదు. మొదటి చావు కాగితం లేనందుకు. తర్వాతివి, నది గురించి పేజీలకు పేజీలు రాసిన పుస్తకంలో ఆ పేజీలను అలంకారంగా చదివినందుకు కావచ్చు.

యాత్రికుల పాత రాతల్లోనూ ఇలాంటి నీళ్ల కబుర్లే. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రకు 12వ శతాబ్దంలో లాటిన్‌లో ఒక మార్గదర్శి రాశారు. లోర్కా ఊరి దగ్గరి ఉప్పునది నీళ్లు తాగవద్దని అందులో హెచ్చరిక. గట్టున కూర్చుని కత్తులు నూరుకుంటున్న ఇద్దరు స్థానికులు నీళ్లు బాగుంటాయన్నారట. నమ్మి తాగించిన గుర్రాల్లో రెండు అక్కడికక్కడే చచ్చాయి, ఆ ఇద్దరూ వాటి తోలు ఒలిచేశారు. ఫారౌట్‌కు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందటి కామెంటు అది. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఎలాంటిది, ఎక్కడ సామాను దొరుకుతుందని మిత్రుడికి రాస్తూ పోయాడు. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. వెనకాల వచ్చేవాళ్లకు పనికిరావాలన్నదే ఆ వివరాల ఉద్దేశం. కాకపోతే ఆయన ప్రయాణం చాలావరకూ పల్లకీలో. రాసినాయన నడవలేదు, నడిచిన బోయీలు రాయలేదు. బోయీల డైరీ ఉంటే ఎంత బాగుండేదో.

డైరీల్లో అసలు లోపం ఉన్నదీ అక్కడే. అపలాచియన్ ట్రెయిల్ మొత్తం నడవాలని మొదలుపెట్టినవాళ్లలో చివరికి చేరేది నలుగురిలో ఒకరు. అచ్చయ్యేవీ, అందరూ చదివేవీ చాలావరకూ ఆ ఒక్కరివే. మిగతా ముగ్గురూ రాయలేదని కాదు. బాటలో నాలుగో వంతు వర్జీనియాలోనే ఉంటుంది. ఎన్ని వారాలు నడిచినా అదే రాష్ట్రం, అదే పచ్చదనం. మోకాలు వాచిందని, ఊళ్లో రెండ్రోజులు ఆగుతున్నానని ఒక డైరీ చెబుతుంది. ఆ తర్వాత ఖాళీ పేజీలు. ఇంకోటి డబ్బులైపోతున్నాయని లెక్కలతో ఆగిపోతుంది. వేరొకటి ఇంటినుంచి వచ్చిన ఫోనుతో. వాటిని మడివాళ్లూ చదవరు, ఐస్‌క్రీమ్ వ్రతంవాళ్లూ చదవరు. మొదటివాళ్లకు పరాయి రాత పడదు, రెండోవాళ్లకు ఓడిన రాత పడదు.

కాబట్టి స్ప్రింగర్ కొండ ఎక్కబోయే తెలుగువాళ్లు, అట్లాంటాలో ఉంటూ శనాదివారాలకు ముక్కలు ముక్కలుగా నడిచేవాళ్లతో సహా, ఒక పని చేయండి. కటాడిన్ బోర్డు పక్కన చేతులెత్తిన ఫొటోతో ముగిసే డైరీలు రెండు చాలు. మధ్యలో ఆగిపోయినవి పది చదవండి. ఏ వారంలో ఏ కీలు మొరాయించిందో, ఏ ఊళ్లో ఎంత ఖర్చయిందో కాగితం మీద వేసుకోండి. దారిలో రిజిస్టరు కనబడితే సూర్యోదయ వర్ణన మానేసి, ముందరి ఊటలో నీళ్లున్నాయో లేవో తేదీ వేసి రాయండి.