బేసినులో ఉప్పెన

నాకో జబ్బుంది. నాలుగు మాటలు బ్రహ్మాండంగా చెప్పగలనని నమ్మకం. మీకూ ఉండే ఉంటుంది, అందుకే ధైర్యంగా చెప్పుకుంటున్నాను. పెళ్లిలో మైకు కనబడితే నాకు చెయ్యి దురద పెడుతుంది. ఇంట్లో మైకు లేదు కాబట్టి పిల్లల మీద పడతాను.

పోయిన నవంబరులో మా ఎనిమిదేళ్ల అమ్మాయిని, దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రమ్మన్నారు బళ్లో. పెద్దవాళ్లంటే మా అత్తగారే. కోడూరు వైపు మనిషి. 1977 నవంబరు 19, ఆ శనివారం రాత్రి, ఆవిడ అక్కడే ఉంది. నేను పుట్టిందేమో 1980లో, అదీ బెజవాడ సత్యనారాయణపురంలో. అయినా సరే, "ఇలా రండి, నేను చెబుతా" అన్నది నేనే. అత్తగారు వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఊరుకుంది. అల్లుడు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదని ఆవిడ తరం నియమం. నాలాంటి అల్లుళ్లు ఇలా తయారవడానికి కారణం ఆ నియమమే.

గొంతు సవరించుకున్నాను. "పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం అంచున, దివిసీమ..." ఐదేళ్ల బుడ్డోడు ఆవులించాడు. "సుమారు 10,000 మంది పోయారు" అన్నాను. వాడికి వంద దాటితే అన్నీ ఒకటే.

"బుడమేరు వరద లాంటిదా నాన్నా?" అంది పెద్దది. 2024లో సింగ్‌నగర్ మునిగిన సంగతి వాళ్లకి గుర్తే.

"దానికి తాత!"

"మరి డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారా?"

"డ్రోన్లెక్కడివే? కరెంటు తీగలు, టెలిఫోను తీగలు తెగిపోయి, ఊళ్లు ఊడ్చుకుపోయిన సంగతే బయటికి వెంటనే తెలియలేదు."

అక్కడ ఆపాల్సింది. బుడ్డోడు లేచి వెళ్లిపోబోయాడు. శ్రోత లేచిపోతే నాకు ప్రాణం లేచిపోయినట్టే.

మా ఆవిడ పిండి కలిపే బేసిను తెచ్చాను. కుండీలో మట్టి తీసి పరిచాను. అగ్గిపెట్టెలు ఇళ్లు, కొత్తిమీర కాడలు తాటిచెట్లు, బుడ్డోడి ప్లాస్టిక్ ఆవులు పశువులు. "ఐదు మీటర్ల అల! మన మొదటి అంతస్తు కిటికీ అంత!" అంటూ చెంబెడు నీళ్లు గుమ్మరించాను. ఇళ్లు తేలాయి, చెట్లు తేలాయి, ఆవులు తేలాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు, "మళ్లీ!" అన్నారు, చప్పట్లు వినబడ్డాక నాకు ఒళ్లు తెలుస్తుందా, రెండో చెంబు, మూడో చెంబు, ఈసారి ఏకంగా బకెట్టే ఎత్తాను, బేసిను ఒరిగింది, బురద హాలంతా పారింది, చాప తడిసింది, చిక్కుడుకాయల పళ్లెం దాకా పాకింది, బుడ్డోడు అందులో గెంతుతూ "ఉప్పెనొచ్చె, ఉప్పెనొచ్చె" అని పాట కట్టాడు, దాచడమెందుకు, నేనూ పకపకా నవ్వుతూ తలెత్తి చూశాను.

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ కదలడం లేదు.

భూమి చీలితే సీతమ్మ వెనకాలే దూరిపోదామనిపించింది. భూమి చీలలేదు. బురద మాత్రం ఉంది.

"చాప తడిసింది, అల్లుడుగారు జారతారేమో చూడమ్మా" అంది ఆవిడ, కూతురితో. తిట్టినా బాగుండేది. తర్వాత బురదలోంచి ఒక ప్లాస్టిక్ ఆవుని తీసి కొంగుతో తుడిచింది.

"గాలి ముదురుతోంటే పశువుల్ని విప్పెయ్యమన్నాడు మా నాన్న. అన్నిటి పలుపులూ విప్పాను. కొత్తగా ఈనినదాన్ని మాత్రం విప్పలేదు. దూడని వదిలి ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

పిల్లలు కదల్లేదు.

"మరి నువ్వు?" అంది పెద్దది.

"తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నా, రాత్రంతా."

"ముళ్లు గుచ్చుకోలేదా అమ్మమ్మా?"

"గుచ్చుకున్నాయమ్మా. తెల్లారాకే తెలిసింది."

బుడ్డోడు బురదకాళ్లతోనే ఆవిడ ఒళ్లోకెక్కాడు. "ఆవు పేరేంటి?"

"గౌరి. నీళ్లు తీశాక చూస్తే పలుపు కట్రాటకే ఉంది."

మర్నాడు బళ్లో మా అమ్మాయి గౌరి గురించి చెప్పిందట. నా ఐదు మీటర్లు, రెండు పాయలు దానికి గుర్తే రాలేదు.

దివిసీమలో ఏటా ఉప్పెనొచ్చిన రోజున, పోయినవాళ్ల స్తూపం దగ్గర దండలు వేస్తారు. మీ ఇంట్లో అటువైపు పెద్దవాళ్లుంటే, ఈసారి నవంబరు 19న పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. మీరు మాత్రం నోరు మూసుకుని ఈనెలు తియ్యండి. చిక్కుడుకాయలకి అది మంచి సీజను.