ఒక మరమేకు ఆత్మకథ

నేను ఇత్తడి మరమేకును. నిడివి ఒకటిన్నర అంగుళము, నెంబరు 8, అనగా మెడ మందము సుమారు 4.2 మిల్లీమీటర్లు. శరీరము స్వల్పమైనను వంశచరిత్ర స్వల్పము గాదు. మా పూర్వులకు మొన లేదు. ఆకురాతితో మరలు దీర్పబడిన ఆ మొండికొనల వారు, వడ్రంగి బరమాతో బిలము దొలిచి దారి చూపిననే గాని కొయ్యలోనికి ప్రవేశింపజాలకుండిరి; అందుచేతనే వారికొక మర్యాద యుండెను. 1846లో అమెరికాలో థామస్ స్లోన్ అనునాతడు సూదిమొన గల మరమేకులను గూర్చి పేటెంటు పొందెను. 1854లో జాన్ నెటిల్‌ఫోల్డు అట్టి మరమేకులను చేయు యంత్రములను ఇంగ్లండులోని బర్మింగ్‌హాము చెంతకు దెచ్చి మా సంతతిని లోకమెల్ల వెదజల్లెను.

మొన వచ్చినది, మర్యాద పోయినది. కొన వాడిగా నున్నది గదా, బిలమేల, బరమా యేల యని తలచు తొందరపాటువారు నాటినుండి నేటివరకు పుట్టుచునే యున్నారు. నా మొన దారిని వెదకికొనుటకే గాని తొలుచుటకు గాదని వారికి చెప్పుటకు నాకు నోరు లేదు.

అదృష్టవశమున నేను రాజమహేంద్రవరమున ఒక వృద్ధ వడ్రంగి చేత బడితిని. గోదావరిపై తెప్పలుగా దిగివచ్చిన టేకు చేవతో బీరువా చేయుచు, అర అంగుళపు పలకను చట్రమునకు బిగింపవలసివచ్చి, పై పలక మందమునకు మరమేకు మూడింతలుండవలెనను లెక్కతో ఆయన నన్నేరుకొనెను. శిష్యుడు ఆత్రముతో సుత్తి అందుకొనగా, “ఒరే అబ్బాయ్, అది మేకు కాదురా, మరమేకు! కొడితే పోగులు చిట్లిపోతాయి, తిప్పితే పట్టుకుంటాయి” అని మందలించెను.

పై పలకలో నా మెడ సులభముగా దూరునంత బిలమును, క్రింది కొయ్యలో మరల నడిమి కాండమంత మందమే గల సన్నబిలమును తొలిచెను. ఈ భేద మెరుగనివారు రెంటను సన్నబిలమే వేయుదురు; అప్పుడు నా మరలు రెండు పలకలను సమముగా కరచి, వానిని దగ్గరకు లాగుటకు మారుగా నడిమి సందును శాశ్వతముగా నిలుపును. పిదప తల ఒదుగుటకు పైన గుంత తీసెను. అంతటితో నన్ను దింపెనా? లేదు. టేకు కఠినము, ఇత్తడి మెత్తన. త్వరపడినచో నా మెడ విరుగును. కావున నా పరిమాణమే గల ఉక్కు మరమేకును ముందుగా త్రిప్పి, జాడ పడిన పిదప దానిని ఊడదీసి, నా యొడలికి కొవ్వొత్తి మైనము రాచి, అప్పుడు నన్ను దింపెను. శ్రమ ఉక్కు సోదరునిది, స్థానము నాది. న్యాయమో కాదో చెప్పజాలను. స్క్రూడ్రైవరు అంచు నా తలగాడిని నిండుగా నాక్రమించెను గావున గాడి చెదరలేదు.

నా పొరుగువాని కథ వేరు. ఆచారిగారు భోజనమునకు వెళ్లిన వేళ శిష్యుడు వానిని, పోగులు అడ్డముగా తెగిన కొయ్య కొనముఖమున, సుత్తితో దిగగొట్టెను. వాని తలయు నా తలవలెనే నిగనిగలాడుచుండుటచే చూపరులకు భేదము గోచరింపలేదు. కొన్నియేండ్లకు ఇల్లు మారుటకై బీరువాను విప్పినపుడు వాడు పటకారుతో పనిలేకయే వ్రేళ్లకు ఊడివచ్చెను.

క్రొత్త యింట మమ్ము బిగించినవాడు ఆ శిష్యుడే. ఇప్పుడు తానే మేస్త్రి. నన్ను పాత బిలమున నిలిపి ముందు వెనుకకు త్రిప్పెను. మర పాత జాడలోనికి టక్కున జారిన పిదపనే ముందుకు త్రిప్పెను. పొరుగువాని బిలమును మాత్రము జిగురుతో కొయ్యముక్క దిగవేసి పూడ్చి, వేరొకచోట బరమా పట్టెను. అది యెవ్వరు చెరిచినదో యజమాని అడుగలేదు, అతడును చెప్పలేదు.