పచ్చరంగును నమ్మనివాడు

తప్పు జరిగినందుకు విచారించువారు లోకములో కోకొల్లలుగా కలరు. తప్పు జరుగలేదే యని విచారించువాడు మాత్రము, నేనెరిగినంతవరకు, బ్రౌజరు ఇంజనులో నిలుకడలేని ఆటోమేటెడ్ టెస్టుల గుట్టు విప్పుటకై జీతము పుచ్చుకొను పుణ్యపురుషుడొక్కడే. ఈతడు కాలిఫోర్నియాలో నుండవచ్చును, బెర్లినులో నుండవచ్చును, మాదాపూరులో అద్దెయింటి బాల్కనీలో ల్యాప్‌టాపు ఒడిలో పెట్టుకొనియు నుండవచ్చును. ఎచ్చటనున్నను ముఖవైఖరి యొక్కటియే. తెరమీద పచ్చరంగు కనబడగానే తోడివారు కాఫీకి లేతురు. ఈతడు నిట్టూర్చి కుర్చీ ముందుకు జరుపుకొనును.

ఫైర్‌ఫాక్సునకు హృదయమైన గెక్కో ఇంజనునే తీసికొందము. ఎవడో యొక ఇంజనీరు ఒక మూల నాలుగు పంక్తులు మార్చి పంపినంతనే ఆ మార్పు విండోసులోను, లినక్సులోను, మాక్‌లోను, ఆండ్రాయిడులోను వేలకొలది టెస్టులను దాటవలసి యుండును. ట్రీహెర్డరు అను పుటమీద నెగ్గినవి పచ్చగాను, ఓడినవి నారింజరంగులోను కనబడును. కోడు నిజముగా తప్పైనచో ఆ నారింజ ఎన్నిమార్లు నడిపినను నారింజగానే నిలుచును. అది మర్యాదస్థుల తప్పు, దానితో మనవానికి పనిలేదు. ఉదయము ఓడి, మధ్యాహ్నము నెగ్గి, కోడులో అక్షరమైనను మారకుండగనే రాత్రికి మరల ఓడు టెస్టు ఉన్నదే, అది ఈతని ఆరాధ్యదైవము.

అట్టిదానికి లోకులెరిగిన వైద్యము రీరన్. మీట నొక్కుదురు, పచ్చబడును, ఇంటికి పోదురు. తమ టెస్టులలో ఇంచుమించు 16 శాతమునకు ఎంతో కొంత చాంచల్యము కలదని గూగులువారు 2016లో బహిరంగముగా చెప్పుకొనిరనిన, ఆ మీట ఎంత అరిగియుండునో ఊహించుకొనవచ్చును. మనవానికి దానిని చూచిన ఒళ్ళు మండును.

"రీరన్ చేస్తే పోయింది కదా సార్" అని కొత్తగా చేరిన కుర్రవాడనును.

"పోలేదయ్యా, దాక్కుంది" అని ఈతడు, ఇంట దూరిన దొంగను గూర్చి చెప్పువానివలె గొంతు తగ్గించి బదులు చెప్పును.

ఈతని విచారణ చూడముచ్చటైనది. రెండు పుటలను గీయించి, వాని బొమ్మలను చుక్కకు చుక్క పోల్చు టెస్టులు కొన్ని కలవు. వానిలో పెక్కింటియందు అహెమ్ అను ఫాంటు వాడుదురు. అందు ఇంచుమించు ప్రతి అక్షరమును నల్లని చదరమే. చదువుటకు గాక కొలుచుటకే పుట్టిన లిపి యది. యంత్రము తీరికగా నున్ననాడు ఫాంటు వేళకు వచ్చును, టెస్టు నెగ్గును. యంత్రము పనుల ఒత్తిడిలో నున్ననాడు ఫాంటు రాకమునుపే బొమ్మ తీయబడును, చదరములుండవలసిన చోట మామూలు అక్షరములు పల్లికిలించును. ఈ రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, కళ్ళద్దములు నుదుటికెత్తి, ఒక పూటంతయు ధ్యానమగ్నుడై యుండగా ఇల్లాలు వచ్చును.

"ఏవండీ, పొద్దుటినుంచీ ఆ నల్లడబ్బాలే చూస్తున్నారు. ఏముందందులో?"

"ఇదిగో, ఇక్కడ డబ్బా లేదు చూడు."

"లేకపోతే?"

"ఉండాలి. నిన్న ఉంది."

ఆమె ఒక్కక్షణ మాగి, "ఇదే పనని మీ ఆఫీసువాళ్ళకి తెలుసా?" అని, సమాధానమునకై నిలువక లోనికి పోవును. తెలియునో లేదో నాకును అనుమానమే.

అర సెకను ఆగిన చాలునని గడువు పెట్టి టెస్టు వ్రాసినవారిపై ఈతనికి గల క్రోధము వర్ణనాతీతము. ఫైర్‌ఫాక్సును తయారుచేయు మొజిల్లావారి మోచిటెస్టులలో సెట్‌టైమౌటునకు సున్నా గాక మరియొక గడువు నీయదలచినవాడు, ముందుగా 'రిక్వెస్ట్ ఫ్లేకీ టైమౌట్' అను ఫంక్షనును పిలిచి, అందు కారణమును లిఖితపూర్వకముగా విన్నవించుకొనవలెను. నేరమును చేయుటకు ముందే సంజాయిషీ పుచ్చుకొను ఈ ఏర్పాటు మన తాలూకా కచేరీలకైన తట్టలేదు. ఆ సంజాయిషీలను చదువుట మనవానికి నవలాపఠనము.

చిక్కంతయు ఎచ్చటననగా, చూడబోయిన తప్పు జరుగదు. అనుమానమున్న చోట ఒక్క లాగు పంక్తి చేర్చిన, అది వ్రాయుటకు పట్టిన లేశకాలములోనే పోటీపడుచున్న థ్రెడ్లు సర్దుకొని టెస్టు నెగ్గును, తీసివేసిన ఓడును. ఇట్టివారి నిమిత్తమై మొజిల్లాలో ఆర్ఆర్ అను సాధనము పుట్టినది. ఓటమిని ఒక్కమారు రికార్డు చేసినచో, దానిని అదే క్రమములో ఎన్నిమార్లయినను అది తిరిగి నడిపించును. కాని థ్రెడ్లన్నిటిని ఒకే కోరు మీద వంతులవారీగా నడుపుటచే, కొన్ని తగవులు దానియెదుట పుట్టనే పుట్టవు. అందుచేత ఆ వంతులను కావలెనని చిందరవందర చేయు కేయాస్ మోడ్ 2016లో దానికి తోడైనది. ఈతడు ఒకనాటి రాత్రి దానిని నడువ విడిచి పరుండి, కోడికూతకు ముందే లేచి చూచి, "ఫెయిలైంది! ఫెయిలైంది!" అని ఇల్లెగిరిపోవునట్లు కేకవేసెను.

తల్లి వంటింటినుండి, "ఫెయిలైతే అంత సంబరమేమిట్రా? చిన్నప్పుడిలా అని ఉంటే మీ నాన్న చేతిలో వీపు విమానం మోత మోగేది" అనెను.

తుదకు తేలిన సవరణ ఒక్క పంక్తి: ఫాంట్లు వచ్చువరకు బొమ్మ తీయవలదని. దానిని సమీక్షకులు మెచ్చిరి, చేర్చిరి. తప్పుల చిట్టాయైన బగ్‌జిల్లాలో 'ఇంటర్మిటెంట్' అని మొదలగు శీర్షికతో నున్న ఇట్టి ఫిర్యాదుల క్రింద, ఆ వారములో ఎన్ని ఓటములో రోబోటు తానే లెక్కవ్రాసి పెట్టును. సవరణ చేరిన వారము లెక్క రాలేదు. మరియొకడైన మిఠాయిలు పంచును. మనవాడు మాత్రము లెక్క ఎందులకు రాలేదో విచారింప మొదలిడి, రెండుదినములు లాగులు తిరుగవేసి, తన సవరణకు ముందునాడే ఎవరో ఆ టెస్టును విసిగి అన్ని యంత్రములమీదను మాన్పించి యుండుట కనిపెట్టెను. కనిపెట్టి, పరమానందభరితుడై, దానిని మరల నడువనిండని అర్జీ పెట్టుకొనెను. అది ఇంకను సమీక్షలోనే యున్నది.